ఆరోగ్యవంతుల పెట్టెలో ఒక ట్యూబు

వకుళకు ఒక ట్యూబుతో పేచీ వచ్చింది.

చిటికెన వేలి కణుపంత ప్లాస్టిక్ ట్యూబు అది. అందులో ఒకామె నెత్తురు మీద తేరిన తేట, కొద్ది చుక్కలు. ఎవరామె అన్నది వకుళకు తెలియదు. ట్యూబు మీద అంకె తప్ప పేరుండదు. ఏ అంకె ఎవరిదో చూసే వీలు ఆ ల్యాబులో ఒక్క నాంచారమ్మగారికే ఉంది. ఇది ఫలానా వాళ్లదని తెలిస్తే పని చేసే చెయ్యి తనకు తెలియకుండానే ఒక పక్కకు ఒరుగుతుందని, ఆవిడ అలా ఏర్పాటు చేశారు. పరీక్షలన్నీ అయ్యాక ఏ అంకెలు జబ్బువాళ్లవో, ఏ అంకెలు ఆరోగ్యవంతులవో మాత్రం వకుళకు చెప్పారు. వకుళ రెండు పెట్టెలు తెచ్చి, ట్యూబులను విడదీసి, మూతల మీద చీటీలు అంటించుకుంది.

నాంచారమ్మగారంటే విశాఖపట్నంలో, సముద్రం కనబడే కొండ మీది కాలేజీలో, పిల్లల చేత పరిశోధన చేయించే పెద్దావిడ. ముతక నేతచీర కట్టుకుంటారు. తల ముగ్గుబుట్టయింది. మాట తక్కువ. పిల్లలు ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒకటి చేస్తారు. అది వాళ్లకు ఒక్కోసారి అప్పుడే అర్థమవుతుంది, ఒక్కోసారి చదువు పూర్తయి వెళ్లిపోయాక ఎక్కడో బియ్యం కడుగుతుంటే అర్థమవుతుంది.

వాళ్లు పట్టుకున్న జబ్బు ఆడవాళ్లది. ఎండోమెట్రియోసిస్ అంటారు. గర్భసంచి లోపల నెలనెలా కట్టి, నెలనెలా రాలిపోయే పొర ఒకటుంటుంది కదా, అలాంటి పొరే కొందరికి సంచి బయట మొలుస్తుంది. అండాశయం మీదో, పేగుల మీదో. అదీ నెలనెలా నెత్తురోడుతుంది. లోపలి నెత్తురుకి బయటకు దారుంది. దీనికి లేదు. అక్కడే పుండై, అక్కడే బిగిసి, ఆ అవయవాన్నీ ఈ అవయవాన్నీ జిగురు పెట్టినట్టు అంటించేస్తుంది.

చిత్రమేమిటంటే, ఈ జబ్బు ఉన్నదీ లేనిదీ గట్టిగా చెప్పాలంటే చాలామందికి పొట్ట మీద చిన్న గాటు పెట్టి, కెమెరా దింపి, కళ్లతో చూడాల్సిందే. అందాకా వెళ్లేది ఎందరు? ఏళ్లూ పూళ్లూ గడిచిపోతాయి. నొప్పి ఉన్నామె చెప్పదు, చెప్పినా విన్నవాళ్లు సరేలే అంటారు. కోత లేకుండా, నాలుగు చుక్కల నెత్తురులో దాని జాడ పట్టుకోవచ్చా అన్నది నాంచారమ్మగారి తపన. దేశదేశాల్లో ఎందరో అదే వెతుకుతున్నారు.

ఆ జాడ కోసం వాళ్లు చూస్తున్నది వలయాల్లో.

మన ఒంట్లో కంటికి ఆనని ప్రతి కణంలోనూ ఆర్‌ఎన్‌ఏ అనే పోగులుంటాయి. కణం లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు మోసుకుపోయే పోగులు. కబురు అందాక వాటి పని అయిపోతుంది. వాటిని తినేసే ఎంజైములుంటాయి. అవి పోగు కొస పట్టుకుని, చీమ చెరుకుముక్కను తిన్నట్టు, ఆ చివర నుంచి తినుకుంటూ పోతాయి. మామూలు పోగులన్నిటికీ అదే గతి. కానీ కొన్ని పోగులున్నాయి, వాటి మొదలూ చివరా కలిసిపోయి ఉంటాయి. పూలదండ రెండు కొసలూ కలిపి ముడేసినట్టు. వాటినే వలయ ఆర్‌ఎన్‌ఏలు అంటారు. మొదట్లో వాటిని చూసిన పెద్దపెద్దవాళ్లు కణం చేసిన పొరపాటనీ, చెత్త అనీ పక్కన పెట్టారట.

వకుళ ఆ ల్యాబులో చేరిన కొత్తలో, అంత బలమైన ఎంజైము వలయాలనెందుకు తినలేదు మేడమ్ అని అడిగింది. నాంచారమ్మగారు తన చేతి గాజు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"దీని కొస ఎక్కడుందో చూపించు, తినమంటాను" అన్నారు.

వకుళ ఆ సాయంత్రమంతా గాజును వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది. ఆ తర్వాత తన చేతులతో తానే ఎంజైము పోసి చూసింది. లక్షల పోగులు మాయమయ్యాయి. వలయాలు మిగిలాయి. ఎవరూ లెక్కలోకి తీసుకోని చెత్త, తుడిచినా పోకుండా, నెత్తురులో తిరుగుతూ, ఏదో చెప్పడానికే అన్నట్టు ఉంది. ఆ రోజు ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇదంతా తన లోపలా జరుగుతోంది, ఆ క్షణాన కూడా, తనకు చెప్పకుండా. గుడిలో గంట కొట్టాక ఆ మోత ఒంట్లో ఉండిపోయినట్టు, ఆ ఆశ్చర్యం చాలా రోజులు ఉండిపోయింది.

ఆశ్చర్యం మెల్లగా పనయింది. పని మెల్లగా ఆశయింది. వందల వలయాల్లోంచి ఒకదాన్ని ఏరి పట్టుకుంది వకుళ. మిషన్లో పెడితే తెర మీద ఒక గీత లేస్తుంది. ఆ వలయాలు ఎక్కువుంటే గీత తొందరగా లేస్తుంది, తక్కువుంటే ఆలస్యంగా లేస్తుంది. జబ్బువాళ్ల గీతలు ముందు లేచాయి. ఆరోగ్యవంతులవి ఆలస్యంగా లేచాయి. కొద్దిగా అటూ ఇటూ ఉన్నా, రెండు గుంపులూ రెండు వరసల్లో నిలబడ్డట్టే కనబడింది.

ఒక్క ట్యూబు తప్ప. ఆరోగ్యవంతుల పెట్టెలోది. దాని గీత అందరికన్నా ముందు లేచింది.

వకుళ మళ్లీ చేసింది. అలాగే లేచింది. కొత్త రసాయనాలు తెప్పించి చేసింది. మిషను మార్చి చేసింది. అది మాత్రం ఎవరి మాటా విననట్టు, ముందుగా లేచి కూర్చుంది.

పక్క బల్ల దగ్గర పనిచేసే ప్రభుదాసుకు ఇదంతా వినోదంగా ఉండేది. అతను వకుళ కన్నా ముందు చేరినవాడు, ముందే విసిగినవాడు. అన్నంలో ఒక రాయి తగిలిందని గిన్నెంతా పారబోస్తావా, రాయి తీసి కంచం పక్కన పెట్టి తిను అనేవాడు. ఆ ట్యూబుకి పేరు పెట్టి ఉయ్యాల కూడా వేస్తావేమో అని ఇంకో మాట. వకుళ పైకి నవ్వేది కానీ లోపల ఉడికిపోయేది. ఎందుకంటే ఇంకెక్కడో ఎవరో ఇదే వలయం మీద పని చేస్తున్నారని కబురు వచ్చింది. వాళ్లు ముందు ప్రకటిస్తే ఇన్నేళ్ల కష్టం గంగలో కలుస్తుంది. ఆ ఒక్క ట్యూబు తీసేస్తే తన వరసలు ముత్యాల సరాల్లా ఉంటాయి. ఉంచితే, ఎవరు చూసినా ముందు దాని మీదే వేలు పెడతారు.

చివరికి ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి నాంచారమ్మగారి గదిలోకి వెళ్లింది. ఆ నమూనా చెడిపోయింది, తీసేద్దాం అని చెప్పింది. ఎందుకు చెడి ఉంటుందో కారణాలు కూడా వరసగా చెప్పింది. తెచ్చేటప్పుడు ఎండ తగిలి ఉండొచ్చు, ఆలస్యమై ఉండొచ్చు. నాంచారమ్మగారు అన్నీ విన్నారు.

"తప్పు ట్యూబులోనే ఉండాలి మేడమ్. ఆరోగ్యవంతులను ఎంచింది నేనే. ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అడిగే ఎంచాను."

ఆ మాటలో కాస్త అతిశయం ఉంది. ఉండదా మరి, అంత తిరిగింది.

నాంచారమ్మగారు కంప్యూటరు దగ్గరకు జరిగి, ఆ అంకె కొట్టి, కళ్లజోడు సర్దుకుని చూశారు. ఆ ట్యూబు తాలూకు మనిషి నెత్తురిస్తూ సంతకం పెట్టినప్పుడు, అవసరమైతే మళ్లీ పలకరించవచ్చని ఒప్పుకున్నదే. వకుళ వైపు తిరిగి అడిగారు.

"భ్రమరాంబ ఎవరు?"

వకుళకు నవ్వొచ్చింది. భ్రమరాంబ స్వయానా ఆమె వదిన. అన్నయ్య పెళ్లైన దగ్గర్నుంచీ అందరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. వదిన సిటీ బస్సులో కండక్టరు. పరీక్షకు నెత్తురిచ్చే ఆరోగ్యవంతులు దొరక్క వకుళ కాళ్లరిగేలా తిరుగుతున్నప్పుడు, మొదట చెయ్యి చాచింది ఆవిడే. ఊరుకోకుండా డిపోలో తనతో పనిచేసే ఆడవాళ్లందర్నీ పోగు చేసుకొచ్చింది. సూదంటే భయపడినవాళ్లను, మీసం మెలేసే మగాళ్లతో తగువులాడతారు, ఇంత సూదికి జడుస్తారా అని ఎకసెక్కాలాడి కూర్చోబెట్టింది. ఆరోగ్యవంతుల పెట్టెలో సగం ట్యూబులు ఆవిడ పుణ్యమే.

ఇదంతా చెప్పి వకుళ, ఇంకేం రుజువు కావాలండీ అంది. ఇనుప మనిషి మా వదిన. జ్వరమొచ్చినా డ్యూటీ మానదు. పొద్దున్నించీ నిలబడి వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడుతుంది. ఆవిడ నెత్తురులో ఆ వలయం అంత ఎక్కువుండటమేమిటి? ట్యూబు చెడిందనడానికి ఆవిడే సాక్ష్యం.

"ఏమని అడిగావు ఆమెను?"

"అందర్నీ అడిగినట్టే. ఆ రోజుల్లో బాగా నొప్పి ఉంటుందా అని."

"ఏమంది?"

"మామూలే అంది."

"నువ్వేం రాసుకున్నావు?"

"లేదు అని రాసుకున్నాను."

నాంచారమ్మగారు కిటికీలోంచి సముద్రం వైపు చూశారు. తర్వాత కొక్కేనికి తగిలించిన గొడుగు తీసుకున్నారు.

"మీ వదిన బస్సు కొండ కింద ఎప్పుడు ఆగుతుంది?" అని మాత్రం అడిగారు.

ఎర్రటి ఎండలో గురువూ శిష్యురాలూ కొండ దిగారు. బస్సు వచ్చింది. కిక్కిరిసి ఉంది. జనం మధ్యలోంచి భ్రమరాంబ మరదలిని చూసి కనుబొమలెగరేసింది. వెనకాల పెద్దావిడను చూసి గౌరవంగా తలూపింది. మీ మేడమ్‌ని ఈ గుంపులోకి ఎందుకు ఎక్కించావే, కారు చెడిందా అని వకుళ చెవిలో గొణిగి, ఇద్దరికీ టికెట్లు కొట్టిచ్చింది. ఒక కాలేజీ కుర్రాణ్ణి, లే నాయనా, నీ మోకాళ్లింకా కొత్తవేగా అని లేపి, నాంచారమ్మగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

వకుళ నిలబడి కమ్మీ పట్టుకుంది. మేడమ్ ఏదో మాట్లాడతారని చూసింది. ఆవిడ కండక్టరును చూస్తూ కూర్చున్నారు. ఆవిడ చూస్తున్నారు గనక వకుళ కూడా చూసింది.

డిపోలో అందరూ తోలు బ్యాగును భుజానికి వేలాడదీసుకుంటారు. భ్రమరాంబ బ్యాగు భుజానికి లేదు. దాని పట్టీని నడుం చుట్టూ తిప్పి, మళ్లీ తిప్పి, బొడ్డు కిందకు బ్యాగును అదిమి కట్టుకుని ఉంది. ఆ కట్టు వకుళకు కొత్త కాదు. ఇంట్లో ఎన్నిసార్లో చూసింది. మీ వదిన బస్సు డబ్బుల్ని కడుపులో దాచుకుంటుందని అన్నయ్య వేళాకోళమాడేవాడు. అందరూ నవ్వేవారు. వదిన కూడా నవ్వేది.

బస్సు గోతిలో పడి లేచింది. జనం ఒకరి మీద ఒకరు తూలి, డ్రైవర్ని నాలుగు తిట్టుకున్నారు. భ్రమరాంబ తిట్టలేదు. ఆమె కళ్లు మూసుకున్నాయి. రెప్పపాటే. మోచేత్తో బ్యాగును ఇంకొంచెం లోపలికి అదిమి, కళ్లు తెరిచి, ముందుకు జరగండమ్మా అంది. ఇంకో గొయ్యి వచ్చింది. మళ్లీ కళ్లు మూసుకున్నాయి. పై పెదవి మీద చెమట పట్టింది. అది ఎండ చెమట కాదు.

ఇంత కాలం ఈ మొహాన్నేనా తను ప్రతి రోజూ చూస్తున్నది అనిపించింది వకుళకు.

సింహాచలం దగ్గర ఆఖరి స్టాపులో జనమంతా దిగిపోయారు. డ్రైవరు టీ తాగడానికి వెళ్లాడు. బస్సులో ముగ్గురే మిగిలారు. నాంచారమ్మగారు లేచి, తన సీటు చూపించి, కాసేపు కూర్చోమ్మా అన్నారు.

"వద్దులెండి. కూర్చుంటే మళ్లీ లేవలేను."

భ్రమరాంబ దాన్ని నవ్వుతూనే చెప్పింది. నాంచారమ్మగారు కూడా కూర్చోలేదు. ఆమె ఎదురుగా నిలబడ్డారు.

"ఆ బ్యాగు రోజూ అలాగే కడతారా?"

"లేదండీ. ఆ నాలుగు రోజులే. బిగించి కట్టుకుంటే నిలబడగలను."

"కట్టకపోతే?"

భ్రమరాంబ కొంచెం ఆలోచించింది. ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న గనక ఆలోచించాల్సి వచ్చింది.

"కట్టకుండా ఎప్పుడూ చూడలేదండీ" అంది.

అంతే, ఎక్కడో కట్టు వదులైనట్టు, ఆ తర్వాత ఆమె తనంతట తనే చెప్పుకుంటూ పోయింది. గొప్పగా ఏమీ కాదు, ఎండలెక్కువగా ఉన్నాయి అన్నంత మామూలుగా. పెద్దమనిషైన దగ్గర్నుంచీ ఇంతేనట. వాళ్లమ్మ ఆ రోజుల్లో రుబ్బురోలు పొత్రం తీసుకొచ్చి దాని మీద బోర్లా పడుకునేదట, బరువుకి నొప్పి తెలియదని. అక్క తడిగుడ్డ పళ్ల మధ్య పెట్టుకునేదట. ఆడపుట్టుక పుట్టాక తప్పదు కదండీ, అందరికీ ఉండేదేగా అంది. అమ్మ చివరికి గర్భసంచి తీయించేసుకుంది. అక్కకి ముప్పై దాటకుండానే తీయించారు. తను కూడా డాక్టరుతో మాట్లాడేసుకుంది. పరీక్షల సీజను అయిపోతే బస్సుల్లో రద్దీ తగ్గుతుంది, అప్పుడు సెలవు పెట్టి తీయించేసుకోవడమే.

"పిల్లలెలాగూ కలగలేదు. ఖాళీ సంచి మోసుకు తిరగడమెందుకని."

అది కూడా నవ్వుతూనే అంది. ఒకే ఇంట్లో, ఒకే వంట తింటూ, వకుళకు ఈ మాట తెలియదు. ఎవరి నెత్తురులోనో ఏముందో చెప్పగలిగిన పిల్ల.

వకుళ నోరు తెరవబోయింది. వదినా, నీ నెత్తురులో ఆ వలయం ఉంది, నాకు తెలుసు, నువ్వు సంచి తీయించుకోవద్దు అని గొంతు దాకా వచ్చింది. నాంచారమ్మగారి చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. మాట ఆగిపోయింది.

"తీయించుకునే ముందు ఒక డాక్టరు దగ్గరకు వెళ్దామమ్మా. ఆవిడ బాగా వింటుంది. నేను కూడా వస్తాను" అన్నారు నాంచారమ్మగారు.

డ్రైవరు వచ్చి హారన్ కొట్టాడు. భ్రమరాంబ పట్టీ సర్దుకుని, పైకి రండమ్మా పైకి రండి అంటూ గుమ్మంలోకి వెళ్లింది.

తిరిగి కొండెక్కేటప్పుడు వకుళ ఉండబట్టలేక అడిగింది. ఎందుకు చెప్పనివ్వలేదు మేడమ్ అని.

"వలయం ఇంకా మాటలు నేర్చుకుంటోంది. దాని మాట పట్టుకుని మనిషిని బెదరగొడతామా? ఆమె మాట చాలదూ?"

అంటూ ఆవిడ గొడుగు వకుళ మీదకు కూడా జరిపారు.

డాక్టరమ్మ నిజంగానే బాగా విన్నది. బయట జనం ఎదురుచూస్తున్నా వినడం ఆపలేదు. పొత్రం సంగతి విని రాసుకుంది, బ్యాగు సంగతి విని లేచి వచ్చి, ఆ బ్యాగు ఎక్కడ అదిమేదో చేత్తో పట్టి చూసింది. స్కానులో అంతగా ఏమీ కనబడలేదు. అయినా కెమెరా పెట్టి చూద్దామంది. భ్రమరాంబ మొగుడు, అంటే వకుళ అన్నయ్య, అంత అవసరమా అని ఒకసారి గొణిగి, పెళ్లాం మొహంలోకి చూసి ఎందుకో ఊరుకున్నాడు.

లోపల దీపావళి టపాకాయల మసి చిమ్మినట్టు నల్లటి మచ్చలున్నాయి. ఒక అండాశయం పేగుకు అతుక్కుపోయి ఉంది. డాక్టరమ్మ తీయగలిగినంత తీసేసి, అతికినవాటిని విడదీసింది. గర్భసంచి తప్పేమీ లేదనీ, ఇప్పుడు దాన్ని తీయాల్సిన పని లేదనీ చెప్పింది. ఈ జబ్బు మళ్లీ రావచ్చు, మందులు వాడాలి, కనిపెట్టుకుని ఉండాలి అంది. పిల్లల సంగతి అన్నయ్య అడిగితే, అవునని గానీ కాదని గానీ ఇవాళ నేను మాట ఇవ్వలేను, దారి మాత్రం మూసెయ్యలేదు అంది.

మత్తు దిగేవేళకు మంచం పక్కన వకుళ ఉంది. డాక్టరమ్మ చెప్పినదంతా మెల్లగా చెప్పింది. జబ్బుకి పేరుందని చెప్పింది. ఆ పేరు రెండుసార్లు పలికింది. భ్రమరాంబ పైకప్పు వైపు చూస్తూ వింది.

"అయితే అది మామూలు కాదా, వకుళా?"

వకుళ తల అడ్డంగా ఊపింది.

అది చూసి భ్రమరాంబకు ఏడుపొచ్చింది. ఆపరేషను గదిలోకి వెళ్తూ కూడా నర్సుతో వేళాకోళమాడిన మనిషి. కుట్లు లాగుతాయి ఊరుకో వదినా అంటే, లాగనీ అంది. మా అమ్మ బతికుంటే చెప్పేదాన్ని అంది. వకుళ ఆమె పాదాల దగ్గర కూర్చుని రెండు చేతులతో వాటిని పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. వెచ్చబడే దాకా అలాగే పట్టుకుంది.

మర్నాడు వకుళ ల్యాబుకు వెళ్లి పెట్టె తీసి ఆ ట్యూబును అరచేతిలో పెట్టుకుంది. మంచు పొగలు కక్కుతోంది. వేళ్లు కొంకర్లు పోతున్నా కింద పెట్టలేదు. కొద్ది చుక్కలు. ఇంట్లో ఎవరికీ తెలియనిది, మొగుడికి తెలియనిది, ఆఖరికి ఆ మనిషికే జబ్బు అని తెలియనిది, ఈ చుక్కల్లో తిరుగుతూ ఉంది. కొసలు లేని ఆ చిన్న పోగు, ఎవరు తిన్నా తరగకుండా, ఇన్నాళ్లూ లేస్తూనే ఉంది. తను మిషను మార్చినప్పుడల్లా లేచింది. తను పారేస్తానన్నప్పుడూ లేచింది. వకుళ కళ్లు చెమర్చాయి. ప్రభుదాసు పక్క బల్ల నుంచి చూసి, చేతికి వేసుకోమని గ్లవ్స్ అందించాడు.

కానీ మనిషి మనసు చూడండి, ఆశ్చర్యం మీద కూడా కాసేపటికి తోరణాలు కట్టేసుకుంటుంది. మధ్యాహ్నానికి వకుళ మొహం వెలిగిపోతోంది. పెట్టె చేత్తో పట్టుకుని నాంచారమ్మగారి గదికి దాదాపు పరుగెత్తింది.

మనం అనుకున్నదానికన్నా గొప్పది మేడమ్ ఈ వలయం అంది. మనుషులు చెప్పనిది అది చెప్పింది. ఇంక ఈ ట్యూబు తీసేయక్కర్లేదు. ఇటు పెట్టెలోంచి జబ్బువాళ్ల పెట్టెలోకి మారిస్తే సరి. వరసలు రెండూ అతికినట్టు కుదిరిపోతాయి, ఒక్క తేడా కూడా ఉండదు. ఇవాళే రాసి పంపించేద్దాం, వాళ్లకన్నా మనమే ముందుంటాం.

నాంచారమ్మగారు చేతిలోని పని పక్కన పెట్టారు. భ్రమరాంబ ఎలా ఉందని అడిగారు. ఇడ్లీ తిన్నదని వకుళ చెప్పింది. సంతోషించారు. ఆ తర్వాత పెట్టె అందుకుని బల్ల మీద పెట్టుకున్నారు.

"మీ వదిన బస్సు మనం ఎందుకెక్కాం?"

"గీత ముందే లేచింది కదా మేడమ్. అందుకని."

"ఈ పెట్టెలో మిగతావాళ్లు?"

"వాళ్లవి ముందు లేవలేదు కదా" అంది వకుళ.

అనేసి, తన మాట తనకే వినబడ్డట్టు ఆగింది. పెట్టెలోకి చూసింది. తెల్లటి మూతలు వరసగా నిలబడి ఉన్నాయి. డిపో ఆడవాళ్లు. కాలేజీ ఊడ్చే ఆవిడ. హాస్టలు పిల్లలు. అందర్నీ కూర్చోబెట్టి తను అడిగింది. ఎవరెవరు ఏమన్నారో గుర్తు తెచ్చుకోబోయింది. అందరి గొంతులూ ఒకే మాట అన్నట్టు వినబడింది. ఆ మాట విని తను ప్రతిసారీ తల వంచుకుని రాసుకున్నదేమిటో కూడా గుర్తొచ్చింది. గీత ఆలస్యంగా లేచిన వాళ్లలో కడుపు పట్టుకుని నిలబడేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆమెకు తెలియదు. ఉంటే, ఆ వలయం వాళ్లను చూడలేదన్నమాట. లేకపోతే, లేరని కూడా ఎవరూ కనుక్కోలేదు.

నాంచారమ్మగారు పెట్టె మూత మీది చీటీని గోటితో మెల్లగా, చిరగకుండా, ఊడదీశారు. "ఆరోగ్యవంతులు" అని వకుళ చేతిరాత. దాన్ని పక్కన పెట్టి, తెల్ల చీటీ ఒకటి అంటించి, పెన్ను వకుళ చేతికిచ్చారు.

వకుళ పెన్ను మూత తీసింది.

"ఏమని రాయను మేడమ్?"

"ఇంకా మనం అడగనివాళ్లు అని రాయి."

వకుళ రాసింది. పెట్టెను తిరిగి చలిలో పెట్టి, తలుపు వేసి, డిపోలో షిఫ్టు మారే వేళవుతోందని కొండ దిగి వెళ్లింది.